లొల్లిలో ‘ఉయ్యాలో’ ఎక్కడుంది? టెక్నికల్ డెత్ మెటల్ ఆల్బమ్‌లపై తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో మా మేడ మీద గదికి చాలా ఏళ్లుగా పిల్లలు వచ్చిపోతుంటారు. కాలేజీ వాళ్లు కొందరు, కాజీపేట రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చేవాళ్లు ఇద్దరు ముగ్గురు, కీబోర్డు నేర్చుకుంటూ మధ్యలో గిటార్‌కు మారిన ఒక పంతులుగారి అబ్బాయి. మనుషులు మారుతున్నారు కానీ ప్రశ్నలు మారడం లేదు. ప్రతిసారీ మొదటినుంచి చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను. తీర్పులన్నీ నా చెవివే. ఒప్పుకోనివాళ్లు వచ్చి వాదించవచ్చు, చాయ్ ఖర్చు మాత్రం వాళ్లదే.

అన్నా, ఇది పాటనా, లొల్లినా?

మొదటిసారి వింటే లొల్లే. నాకూ అట్లాగే అనిపించింది. మా అమ్మ ఇప్పటికీ కిందినుంచి “గా లొల్లి బంద్ చెయ్యి కొడుకా” అని అరుస్తుంది. ఆమెను తప్పు పట్టలేను.

చెవికి ఇందులో పట్టు దొరకదు. పాడేవాడి గొంతులో శ్రుతి ఉండదు, డ్రమ్ములు ఊపిరి తీసుకోవు, గిటార్ ఒక మాట పూర్తి చేయకముందే ఇంకో మాట ఎత్తుకుంటుంది. మనకు అలవాటైన సినిమా పాటలో గొంతు ముందు నడుస్తుంది, వాద్యాలు దాని వెనక వస్తాయి. ఇక్కడ అంతా తలకిందులు. గొంతు కూడా ఒక డ్రమ్ లాంటిదే, పాట పాడేది గిటార్. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుని మళ్లీ వినండి. గొంతు జోలికి పోకుండా ఎడమ చెవిలో వచ్చే గిటార్ వెంటే వెళ్లండి. రెండోసారి కుడి చెవిది వినండి. మూడోసారికి ఆ లొల్లిలోంచి ఒక్కొక్క మనిషి విడివిడిగా బయటికొస్తాడు.

టెక్నికల్ డెత్ మెటల్ అని దేన్ని అంటారు?

డెత్ మెటల్ 1980ల మధ్యలో పుట్టింది, ఎక్కువగా అమెరికాలోని ఫ్లోరిడాలో పెరిగింది. శ్రుతి తగ్గించిన గిటార్లు, రెండు కాళ్లతో కొట్టే బేస్ డ్రమ్ములు, గర్జించే గొంతు దాని గుర్తులు. దానికి జాజ్ నుంచి, ప్రోగ్రెసివ్ రాక్ నుంచి, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నుంచి తెచ్చుకున్న పనితనం తోడైతే టెక్నికల్ అంటాం. పాట మధ్యలో తాళం మారుతుంది, రెండు గిటార్లు రెండు వేరు వేరు మాటలు చెబుతాయి, బేస్ గిటార్ తన దారిన తాను పోతుంది. పొట్టిగా ‘టెక్ డెత్’ అని పిలుస్తారు. ఏ బ్యాండ్ ఇందులోకి వస్తుంది, ఏది ప్రోగ్రెసివ్ కిందికి పోతుంది అనే తగువు తెల్లవార్లూ నడుస్తుంది. నాకు దాని మీద పెద్ద ఆసక్తి లేదు.

ఎంత వేగంగా వాయిస్తే అంత గొప్ప ఆల్బమా?

ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువమంది పొరబడేదీ ఇక్కడే.

ఒక చిన్న లెక్క చూడండి. నిమిషానికి 240 దెబ్బల వేగం పెట్టుకుని, ఒక్కో దెబ్బకు నాలుగు స్వరాలు వాయిస్తే నిమిషానికి 960 స్వరాలు. అంటే సెకనుకు 16. ఇంకొంచెం పెంచి సెకనుకు 20 దాటించారనుకోండి, దాదాపు అక్కడినుంచి మన చెవి విడి దెబ్బలను లెక్కపెట్టడం మానేసి వాటన్నిటినీ కలిపి ఒక మోతలా వినడం మొదలుపెడుతుంది. ఫ్యాన్ మెల్లగా తిరిగితే రెక్కలు కనిపిస్తాయి, జోరుగా తిరిగితే గుండ్రటి మరక కనిపిస్తుంది, అదే సంగతి. కాబట్టి వేగానికి ఒక పైకప్పు ఉంది. దాన్ని పెట్టింది వాయించేవాడి చెయ్యి కాదు, వినేవాడి చెవి. ఈరోజు ఆ పైకప్పును తాకగలిగిన పిల్లలు ప్రతి దేశంలోనూ ఉన్నారు. అందరూ చేయగలిగిన పని ఒక ఆల్బమ్‌ను మిగతావాటి నుంచి వేరు చేయలేదు కదా.

మన దగ్గర ఒగ్గు కథ చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. కొమురవెల్లి మల్లన్న కథ నడుస్తున్నప్పుడు డోలు మొదటినుంచి చివరిదాకా ఒకే జోరులో ఉండదు. కథకుడు మాట్లాడుతుంటే తగ్గి ఉంటుంది. యుద్ధమో, పూనకమో వచ్చినప్పుడు ఒక్కసారిగా లేస్తుంది. కూర్చున్న ముసలివాళ్లు కూడా ముందుకు వంగేది ఆ లేచే క్షణంలోనే. మొత్తం రాత్రి అదే జోరులో కొడితే సగం మంది నిద్రపోతారు. డెత్ మెటల్‌లో కూడా మోతకు నిద్రపోవచ్చు. నేను పోయాను, రెండుసార్లు.

మరి ఒక ఆల్బమ్‌ను నిలబెట్టేది ఏమిటి?

నేను దాన్ని ‘ఉయ్యాలో’ అంటాను. బతుకమ్మ పాట ఎంత పొడవైనా, కథ ఎన్ని మలుపులు తిరిగినా, ప్రతి పాదం చివర ఉయ్యాలో అనో, చందమామ అనో, గౌరమ్మ అనో వచ్చి నిలబెడుతుంది. పాట తెలియనివాళ్లు కూడా ఆ ఒక్క మాట దగ్గర గొంతు కలుపుతారు. పాడే ఆమె కొత్త పాదం గుర్తు తెచ్చుకునేదీ ఆ ఒక్క మాట వ్యవధిలోనే. టెక్నికల్ డెత్ మెటల్ పాటలోనూ చెవి తిరిగి వచ్చి కూర్చునే చోటు ఒకటి ఉండాలి. అది ఒక రిఫ్ (గిటార్ మళ్లీ మళ్లీ వాయించే చిన్న వరస) కావచ్చు, ఒక డ్రమ్ మలుపు కావచ్చు, రెండు సెకన్ల నిశ్శబ్దం కూడా కావచ్చు.

జర్మనీ బ్యాండ్ నెక్రోఫేజిస్ట్ 2004లో తెచ్చిన ‘ఎపిటాఫ్’ తీసుకోండి. ఆ రోజుల్లో దాన్ని వాయించడం ఎంత కష్టమో చెప్పుకోని గిటారిస్టు లేడు. ఆ ఆల్బమ్ ఈరోజుకీ బతికి ఉన్నది మాత్రం కష్టం వల్ల కాదు. ముహమ్మద్ సుయిచ్‌మెజ్ రాసిన రిఫ్‌లను నోటితో అనుకోవచ్చు. ఒక సోలోలో (గిటార్ ఒక్కటే ముందుకొచ్చి వాయించే చోట) రష్యన్ స్వరకర్త ప్రొకోఫియెవ్ బ్యాలే బాణీ హఠాత్తుగా తలెత్తుతుంది, విన్నవాళ్ల ముఖంలో నవ్వు వస్తుంది. ఆ నవ్వు సెకనుకు 16 స్వరాలు వాయించినందుకు వచ్చింది కాదు.

సఫోకేషన్ 1991లో తెచ్చిన ‘ఎఫిజీ ఆఫ్ ది ఫర్గాటెన్’లో ఉయ్యాలో ఇంకో రకం. జోరుగా పోతూ పోతూ ఒక్కసారి బరువుగా, మెల్లగా దిగుతారు. శరీరం ముందే ఎదురుచూస్తుంటుంది, ఇప్పుడు దిగుతారు, ఇప్పుడు దిగుతారు అని. కెనడా బ్యాండ్ ఆర్క్‌స్పైర్ 2021 నాటి ‘బ్లీడ్ ది ఫ్యూచర్’లో గాయకుడి నోరే ఆ పని చేస్తుంది. మృదంగం జతులు చెప్పినంత జోరుగా అక్షరాలు పడతాయి. గిటార్లు ఎటు పోయినా ఆ జతి దగ్గర మళ్లీ కలుసుకుంటాం. ఆ ఆల్బమ్‌కు 2022లో కెనడాలో జూనో అవార్డు కూడా వచ్చింది.

ఇక నా సూత్రానికి ఎదురు తిరిగే ఆల్బమ్ ఒకటుంది. కెనడాలోని కెబెక్ బ్యాండ్ గోర్గట్స్ వాళ్ల ‘అబ్‌స్క్యూరా’, 1998. పాటలు తయారయ్యాక కూడా కొన్నేళ్లు లేబుల్ (ఆల్బమ్ విడుదల చేసే కంపెనీ) లేక ఆగిపోయిన ఆల్బమ్ అది. అందులో నోటికి వచ్చే రిఫ్ దాదాపు లేదు. గిటార్ తీగలు గీరుకుంటాయి, మూలుగుతాయి, తలుపు బందు కిర్రుమన్నట్టు ఉంటుంది. మొదట ఆరు నెలలు నాకు ఎక్కలేదు. తర్వాత అర్థమైంది: ఇందులో ఉయ్యాలో ఒక బాణీ కాదు, ఆ కిర్రుమనే చప్పుడే. ప్రతి పాటలో ఏదో ఒక రూపంలో అది తిరిగొస్తుంది. మూడు సెకన్లు వినిపిస్తే చాలు, ఇది అబ్‌స్క్యూరా అని చెప్పేయగలం. వందల ఆల్బమ్‌లలో నాకు అట్లా చెప్పగలిగినవి పది దాటవు.

పరీక్షించేది ఎట్లా?

రాత్రి వినండి. పొద్దున లేచి బండి మీద పని మీద పోతున్నప్పుడు, హనుమకొండ చౌరస్తా సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, నోట్లో ఏదైనా ఆడుతుందా చూడండి. ఆడితే ఆల్బమ్‌లో సరుకు ఉన్నట్టే. ఎంత ప్రయత్నించినా “చాలా ఫాస్ట్‌గా ఉండె” అన్న మాట తప్ప ఏదీ గుర్తు రాకపోతే ఇంకో రెండు రాత్రులు అవకాశం ఇవ్వండి. తర్వాత వదిలేయండి.

తాళం లెక్కలు తెలియకపోతే వినలేమా?

వినవచ్చు. కానీ ఇక్కడ మనకు ఒక లాభం ఉంది, దాన్ని చాలామంది వాడుకోరు.

ఇంగ్లిష్‌లో సెవెన్ ఎయిట్ అని రాసి ఉంటే పిల్లలు భయపడతారు. అది మన మిశ్ర చాపే: తకిట తకధిమి, మూడూ నాలుగూ ఏడు. ఫైవ్ ఎయిట్ అంటే ఖండ చాపు: తక తకిట. మీ అమ్మమ్మ ఇంటి పక్క సంగీతం టీచర్ పదేళ్ల పిల్లలకు చేతులతో వేయించేది ఇదే. చేత్తో తొడ మీద వేస్తూ నోటితో ఈ జతులు చెప్పుకుంటూ పాట వినండి. ఎక్కడ మీ చెయ్యి తప్పిందో అక్కడ తాళం మారింది. అమెరికా బ్యాండ్ ఎథీస్ట్ ‘అన్‌క్వశ్చనబుల్ ప్రెజెన్స్’తో నేను ఇట్లా ఒక వేసవి గడిపాను. చెయ్యి మొదటి వారం అంతా తప్పింది.

ఒక హెచ్చరిక. తాళం మారడం గొప్ప కాదు, మారినట్టు తెలియకుండా మారడం గొప్ప. కొన్ని బ్యాండ్‌లు ప్రతి నాలుగు సెకన్లకోసారి తాళం మార్చి, “చూశావా” అన్నట్టు వాయిస్తాయి. పాత వరంగల్ సందుల్లో కొత్తగా కారు నేర్చుకున్నవాడి పక్కన కూర్చున్నట్టు ఉంటుంది.

బేస్ గిటార్ గురించి ఎందుకంత మాట్లాడతారు?

మామూలు మెటల్‌లో బేస్ గిటార్ పునాది లాంటిది. ఉంటుంది, కనబడదు. టెక్ డెత్‌లో మంచి ఆల్బమ్‌లు చాలావరకు బేస్ వల్లే మిగతావాటి నుంచి విడిపోయాయి.

వీణకు మెట్లుంటాయి, చిత్రవీణకు ఉండవు. గిటార్ మీద అడ్డంగా ఉండే లోహపు ఫ్రెట్‌లు వీణ మెట్లలాంటివి. అవి తీసేసిన బేస్‌ను ఫ్రెట్‌లెస్ అంటారు. స్వరం నుంచి స్వరానికి జారుతుంది, మూలుగుతుంది, దాదాపు గొంతులా పాడుతుంది. అంత ఉక్కులాంటి సంగీతంలో ఆ మెత్తటి గొంతు వినబడితే మనసు అక్కడే ఆగుతుంది. ‘డెత్’ అనే పేరున్న బ్యాండ్ 1993 ఆల్బమ్ ‘ఇండివిడ్యువల్ థాట్ ప్యాటర్న్స్’లో స్టీవ్ డి జార్జియో వాయించినది వినండి. తర్వాత జర్మనీ బ్యాండ్ అబ్‌స్క్యూరా 2009లో తెచ్చిన ‘కాస్మోజెనెసిస్’లో యెరోన్ పాల్ థెసెలింగ్ వాయించినది వినండి. (ఈ అబ్‌స్క్యూరా బ్యాండ్ పేరు, పైన చెప్పింది గోర్గట్స్ ఆల్బమ్ పేరు. పిల్లలు కలిపేసుకుంటుంటారు.)

ఎథీస్ట్ బేసిస్ట్ రోజర్ ప్యాటర్సన్ కథ ఇక్కడే చెప్పాలి. ‘అన్‌క్వశ్చనబుల్ ప్రెజెన్స్’ పాటలు తయారయ్యే దశలో, 1991లో, టూర్ నుంచి తిరిగొస్తూ వ్యాన్ ప్రమాదంలో చనిపోయాడు. అతను కట్టిన బేస్ వరసలను టోనీ చోయ్ నేర్చుకుని ఆల్బమ్‌లో వాయించాడు. ఈ సంగతి తెలిశాక ఆ ఆల్బమ్‌ను ముందులా వినలేకపోయాను. మనిషి పోయాడు, అతని వేళ్లు అనుకున్నది ఇంకొకరి వేళ్ల మీద నడుస్తోంది.

అందరూ 1991, 1991 అంటారు. ఎందుకు?

ఆ ఒక్క ఏడాదిలో డెత్ ‘హ్యూమన్’, ఎథీస్ట్ ‘అన్‌క్వశ్చనబుల్ ప్రెజెన్స్’, సఫోకేషన్ ‘ఎఫిజీ ఆఫ్ ది ఫర్గాటెన్’, నెదర్లాండ్స్ బ్యాండ్ పెస్టిలెన్స్ ‘టెస్టిమొనీ ఆఫ్ ది ఏన్షియంట్స్’ వచ్చాయి. నాలుగూ ఫ్లోరిడాలోని టాంపాలో మోరిసౌండ్ అనే స్టూడియోలో, స్కాట్ బర్న్స్ చేతిమీదుగా తయారైనవే. అయినా ఒకదానిలా ఒకటి ఉండదు. ‘హ్యూమన్’కు డ్రమ్స్ వాయించిన షాన్ రైనర్ట్‌కు అప్పటికి ఇరవయ్యేళ్లు. జాజ్ విన్న చేతులు అవి. అదే రైనర్ట్, గిటారిస్టు పాల్ మాస్విడల్ కలిసి తమ సొంత బ్యాండ్ సినిక్ పేరుతో 1993లో ‘ఫోకస్’ తెచ్చారు. గర్జన పక్కనే రోబో గొంతు, ఆ వెంటనే జాజ్. అప్పట్లో చాలామందికి మింగుడు పడలేదు. తర్వాత వచ్చిన సగం బ్యాండ్‌లు ఆ ఆల్బమ్ అప్పు తీర్చుకుంటూనే ఉన్నాయి.

పాటలు విడివిడిగా వింటే సరిపోదా? ఆల్బమ్ మొత్తం ఎందుకు?

దీనికి జవాబుగా నా తెలివితక్కువతనం ఒకటి చెప్పాలి.

2000ల మొదట్లో నయీంనగర్‌లో ఒక నెట్ సెంటర్ ఉండేది. అక్కడ పరిచయమైన సీనియర్ ఒకాయన నాకు ఎంపీత్రీలు నింపిన సీడీ రాసిచ్చాడు. అందులో డెత్ 1995 నాటి ‘సింబాలిక్’ ఉంది. నా ప్లేయర్ పాటలను ఇంగ్లిష్ అక్షర క్రమంలో వాయించేది. ఆ సంగతి నాకు తెలియదు. కాబట్టి నా ‘సింబాలిక్’ అంకెతో మొదలయ్యే ‘1,000 ఐస్’తో మొదలై, జెడ్ అక్షరం ఉన్న ‘జీరో టాలరెన్స్’తో ముగిసేది. అసలు చివరి పాట ‘పెరెన్నియల్ క్వెస్ట్’ తొమ్మిది పాటల్లో సరిగ్గా నడిమధ్యన పడింది.

ఆ పాట ఎనిమిది నిమిషాలు దాటుతుంది. గొడవంతా అయ్యాక గిటార్లు మెత్తబడి, మెల్లగా దూరమవుతూ ఆగిపోతుంది. నా ప్లేయర్‌లో అది అట్లా ఆగిపోయాక వెంటనే ఇంకో పాట దబ్బున మీదపడేది. “ఇంత మంచి ముగింపు మధ్యలో ఎందుకు పెట్టారు, పిచ్చోళ్లు” అనుకున్నాను, ఒకటి కాదు, నాలుగేళ్లు. తర్వాత హైదరాబాద్ నుంచి తెప్పించుకున్న అసలు సీడీ వెనక అట్ట చదివి తల పట్టుకున్నాను. ఆ సాయంత్రం సరైన వరసలో వింటే అది ఇంకో ఆల్బమ్. నలభై తొమ్మిది నిమిషాలు నడిచి వచ్చినవాడికే ఆ చివరి నిశ్శబ్దం దక్కుతుంది. డెత్ బ్యాండ్‌ను నడిపిన చక్ షుల్డినర్ 2001లో, 34 ఏళ్ల వయసులో మెదడు కణితితో చనిపోయాడు. ఆ ముగింపు విన్నప్పుడల్లా ఆ సంగతి గుర్తొస్తుంది, రాకుండా ఆపలేను.

నిలిచే ఆల్బమ్‌లో పాటల వరస కూడా రాసిన సంగీతమే. షఫుల్ నొక్కకండి.

డ్రమ్స్ మెషిన్‌లా వినిపిస్తాయి. అది మోసం కాదా?

ట్రిగ్గర్ అని ఒకటి ఉంటుంది. డ్రమ్‌కు తగిలించే చిన్న సెన్సర్. కాలి దెబ్బ పడగానే ముందే రికార్డ్ చేసి పెట్టిన చప్పుడును పలికిస్తుంది. మెరుపు వేగంలో కొట్టినప్పుడు దెబ్బలన్నీ ఒకే బలంతో పడవు, కొన్ని మాసిపోతాయి. వాటిని సమం చేయడానికి వాడతారు. డప్పుకు సెగ చూపించి చర్మం బిగిస్తారు, దాన్ని మోసం అనం కదా. వాయించింది మనిషే అయితే నాకు అభ్యంతరం లేదు.

అభ్యంతరం ఎక్కడంటే, ప్రతి దెబ్బనూ కంప్యూటర్‌లో గీత మీదికి జరిపి, అన్నిటినీ ఒకే ఎత్తుకు లేపి, చిన్న పెద్ద తేడా లేకుండా చేసినప్పుడు. గత పదిహేనేళ్లలో వచ్చిన వందల ఆల్బమ్‌లు ఈ జబ్బుతోనే ఒకదానిలా ఒకటి అయిపోయాయి. ట్యూబ్‌లైట్ వెలుగులో ఫోటోలు దిగినట్టు, అందరి ముఖాలూ తెల్లగా.

ఇక్కడ కూడా నా మాటకు అడ్డొచ్చే ఉదాహరణ ఉంది. నెక్రోఫేజిస్ట్ మొదటి ఆల్బమ్ ‘ఆన్‌సెట్ ఆఫ్ ప్యూట్రిఫాక్షన్’, 1999, దానికి డ్రమ్మరే లేడు. మొత్తం ప్రోగ్రామ్ చేసినదే. అయినా నిలిచింది, ఎందుకంటే రిఫ్‌లు నిలిచాయి. దానికి పూర్తిగా అవతలి గట్టున బ్లడ్ ఇన్‌కాంటేషన్ 2019 ఆల్బమ్ ‘హిడెన్ హిస్టరీ ఆఫ్ ది హ్యూమన్ రేస్’ ఉంది. పాత పద్ధతిలో, అనలాగ్‌గా రికార్డ్ చేశారు. నాలుగే పాటలు, చివరిది ఒక్కటే 18 నిమిషాలు. గదిలో గాలి కూడా వినిపిస్తున్నట్టు ఉంటుంది.

మిక్సింగ్, అంటే ఏ వాద్యం ఎంత గట్టిగా వినిపించాలో సరిచూసే పని, ఆల్బమ్ రాతనే మార్చేస్తుందనడానికి ‘హ్యూమన్’ సాక్ష్యం. అసలు ఆల్బమ్‌లో బేస్ దాదాపు పూడిపోయింది. 2011లో మళ్లీ మిక్స్ చేసి తెచ్చినప్పుడు ఇరవయ్యేళ్ల తర్వాత ఆ బేస్ బయటపడింది. పాత చెరువు పూడిక తీస్తే మెట్లు కనిపించినట్టు.

ఆ గొంతు ఎట్లా తీస్తారు? పాడవదా?

తప్పుగా చేస్తే పాడవుతుంది. మనం మాట్లాడే స్వరతంత్రులకు కాస్త పైన ఇంకో జత మడతలుంటాయి. గర్జనలో ఎక్కువ పని వాటిది, కింది నుంచి తోసే ఊపిరిది. గొంతు చించుకుని అరిస్తే రెండో రోజు మాట రాదు. గొంతులో నొప్పి మొదలైందంటే తప్పు చేస్తున్నట్టే, అక్కడే ఆపాలి.

మా ఊరివాళ్లకు మనిషి గొంతు ఏమేం చేయగలదో ఎవరూ చెప్పనక్కర్లేదు. మట్టెవాడలో పుట్టిన నేరెళ్ల వేణుమాధవ్ ఒక్క గొంతుతో ఇంగ్లిష్ సినిమా సన్నివేశాలను చప్పుళ్లతో సహా వేదిక మీదికి తెచ్చేవారు. గర్జన కూడా అట్లా సాధనతో వచ్చే విద్యే. దీనికీ కోపానికీ సంబంధం లేదు. నాకు తెలిసిన గట్టి గర్జన గొంతు ఒకటి బయట చాలా మెల్లగా, “అన్నా, మంచినీళ్లున్నాయా” అని అడుగుతుంది.

సాహిత్యం దెయ్యాల గురించేనా? ఇంట్లో ఏం చెప్పాలి?

శవాలు, రక్తం ఉన్న మాట నిజం. కొన్ని అట్టబొమ్మలు పూజ గది పక్కన పెట్టుకునేవి కావు. అంతా అదే అనుకుంటే మాత్రం పొరపాటు. అమెరికా బ్యాండ్ నైల్ ప్రాచీన ఈజిప్ట్ మీదే బతికింది, ‘అనైహిలేషన్ ఆఫ్ ది విక్‌డ్’, 2005, వినండి. గోర్గట్స్ 2013 ఆల్బమ్ ‘కలర్డ్ శాండ్స్’ టిబెట్ గురించి. దాని మధ్యలో గిటార్, డ్రమ్ లేకుండా వయొలిన్ జాతి వాద్యాలతో ఒక పాట మొత్తం నడుస్తుంది. చక్ షుల్డినర్ చివరి ఆల్బమ్‌లలో దెయ్యాలు లేవు, మనుషులే ఉన్నారు. మోసం చేసేవాళ్లు, తీర్పులు చెప్పేవాళ్లు.

ఇంట్లో ఏమీ చెప్పనక్కర్లేదు, ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. చప్పుడు మధ్యస్థంగా పెట్టండి. ఈ సంగీతం చిన్న చప్పుడులోనూ అర్థమవుతుంది, చెవులు ఒక్కసారే వస్తాయి.

ఆల్బమ్ ఎంత పొడవుండాలి?

అరగంట. ‘అన్‌క్వశ్చనబుల్ ప్రెజెన్స్’, ‘ఎపిటాఫ్’, క్రిప్టాప్సీ వాళ్ల ‘నన్ సో వైల్’ (1996), ‘బ్లీడ్ ది ఫ్యూచర్’, అన్నీ అరగంటకు కాస్త అటూ ఇటూ. కాజీపేటలో రైలెక్కి మొదలుపెడితే జనగామ దగ్గరపడే సరికి అయిపోవాలి. గంట దాటిన టెక్ డెత్ ఆల్బమ్ అంటే పెళ్లి భోజనం తర్వాత మళ్లీ బిర్యానీ వడ్డించినట్టు. ‘సింబాలిక్’ యాభై నిమిషాల దాకా ఉంటుంది కదా అంటారు. దానికి ఆ హక్కు ఉంది.

మనవాళ్లు ఎవరైనా ఉన్నారా?

హైదరాబాద్‌లో పుట్టిన గాడ్‌లెస్ ఉంది. 2018 ఈపీ (చిన్న ఆల్బమ్) ‘స్వార్మ్’, 2021 ఆల్బమ్ ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ వినండి. అది టెక్నికల్ కన్నా పాత తరహా డెత్ మెటల్‌కు దగ్గర, కానీ రిఫ్‌లకు బలం ఉంది. టెక్నికల్ కావాలంటే గువాహటి వైపు అమోఘ్ సింఫనీ వినండి. వరంగల్‌లో గిగ్ ఎప్పుడని అడగకండి. మన దగ్గర డబుల్ బేస్ మోత వినాలంటే బరాత్ డీజే పక్కన నిలబడాల్సిందే.

ఏ వరసలో మొదలుపెట్టాలి?

‘సింబాలిక్’ మొదట, సరైన వరసలో. తర్వాత ‘హ్యూమన్’. ఆ రెండూ నోటికి వచ్చాక ‘కాస్మోజెనెసిస్’, తర్వాత ‘ఎపిటాఫ్’. ఈ రెండింట్లోనూ డ్రమ్మర్ హానెస్ గ్రాస్‌మన్, గిటారిస్టు క్రిస్టియన్ మ్యుంజ్‌నర్ ఉన్నారు, కాబట్టి పాత స్నేహితులను కలిసినట్టే ఉంటుంది. అప్పటికి చెవి గట్టిపడుతుంది, ‘అన్‌క్వశ్చనబుల్ ప్రెజెన్స్’ వినండి. గోర్గట్స్ ‘అబ్‌స్క్యూరా’ ఆఖరున. దాన్ని ముందే విని పారిపోయిన ముగ్గురిని చూశాను. వాళ్లలో ఒకడు ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తూ గజల్స్ వింటున్నాడు, సుఖంగా ఉన్నాడు.

గిటార్ నేర్చుకుంటున్నా. వేగం రావడం లేదు, టెన్షన్‌గా ఉంది.

తమ్మీ, స్వీప్ పికింగ్ అంటే తీగల మీద పిక్‌ను చీపురులా ఊడ్చుకుంటూ పోవడం. మెల్లగా ఊడిస్తేనే మూలలు శుభ్రమవుతాయి. మెట్రోనోమ్ (టిక్కుటిక్కుమంటూ తాళం వేసే యంత్రం) 60 దగ్గర పెట్టు, ఒక్కో స్వరం విడిగా పలికేదాకా 61కి పోకు. ఆ పంతులుగారి అబ్బాయి మూడు నెలలు 70 దాటలేదు. వాళ్ల నాన్న పైకొచ్చి, “ఇదేం వరసరా, ఇంకా సరళీ వరసలేనా” అని అడిగాడట. అవునన్నాడు వీడు. ఆయన కూర్చుని తొడ మీద తాళం వేశాడు. ఆదివారం మళ్లీ వస్తామన్నారు, ఇద్దరూ.